తాలీం కింద నీలం

చదువునూ కుస్తీనీ నేను ఒకే ఏడాది వదిలేశాను. రెండింటిలోనూ మొదటి పాఠం దగ్గరే బోర్లా పడ్డాను. తేడా ఒక్కటే. బడిలో పడితే బెంచీ ఎక్కించి నిలబెట్టేవాళ్ళు, తాలీంలో పడితే పడుకోనిచ్చేవాళ్ళు. అందుకే ఇవాళ్టికీ ఎవరైనా ఎంతదాకా చదువుకున్నావని అడిగితే, నేను పహిల్వాన్‌గిరీ చేసిన రోజుల సంగతి ఎత్తుకుంటాను. అవతలివాళ్ళు నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూస్తారు. ఆ తర్వాత చదువు గురించి కూడా అడగరు.

మొన్న జల్‌పల్లిలో మా ఇంట్లో మనవరాలి కొత్త దుపట్టా బకెట్లో రంగు వదిలింది. నా బనియన్లన్నీ దాంతోపాటే నానుతున్నాయి. నీళ్ళలో చెయ్యి పెట్టి తీస్తే మణికట్టు దాకా నీలం. ఈ ఈడులో నీలం బనియన్ వేసుకుని ఎవరిని మురిపిస్తావని మా ఆవిడ కొళాయి దగ్గర నుంచి కసురుతోంది. నేను మాత్రం ఆ చేతిని ఎండలో అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడిపోయాను. ఒంటి మీద ఆ రంగు చూసి ఎన్నేళ్ళయిందో. అప్పుడు మణికట్టు దాకా కాదు, చెవుల దాకా ఉండేది.

పురానాపూల్ దగ్గర నది వైపు దిగే గల్లీల్లో ఒకదాని చివర ఉండేది ఆ పాత బంగళా. ఇల్లంటే ఇల్లు కాదు, మహల్ అంటే మహల్ కాదు. డంగు సున్నపు గోడలు ఎంత మందమంటే, ఎండాకాలం మధ్యాహ్నాలు కిటికీ గూట్లోనే మా అమ్మ నన్నూ చెల్లెనూ పక్కపక్కన పడుకోబెట్టేది. ముందు భాగంలో ఒక గది మాది. మా బాపు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణంలో గుమాస్తా. మేడ మీద కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసు ఆయన ఉండేవారు, ఆయన్ని అందరం పై ఇంటి సారు అనేవాళ్ళం. వెనక భాగంలో ఇంటి యజమానురాలు. ముసలావిడ, గల్లీ అంతా బడీమా అని పిలిచేది. ఆ ఇల్లు ఆమె పుట్టింటివాళ్ళది. ఆమె కొడుకు ఛోటే సాబ్. మధ్యలో మూడు కమాన్ల పెద్ద హాలు, హాలు మధ్య నడుములోతు చదరపు గుంత, గుంత నిండా ఎర్రమట్టి. అదే మా తాలీం. కుస్తీ నేర్పే చోటుని మా దగ్గర అట్లాగే అంటారు.

ఆ బంగళా ముందు ఏమై ఉండేదన్నది గల్లీలో ఎప్పుడూ తెగని పంచాయితీ. ఛోటే సాబ్ లెక్కలో అది వాళ్ళ పెద్దల జాగీరు దేవిడీ, అంటే జాగీర్దార్ల మేడ. పెద్దలు పహిల్వాన్లను పోషించేవారు, వాళ్ళ కోసమే ఈ గుంత తవ్వించారు. మా అమ్మ లెక్కలో అది గుర్రాలపాక, ఎందుకంటే వానాకాలం ఆ గోడల నుంచి వచ్చే వాసన మనుషులది కాదు. పై ఇంటి సారు ఆదివారం పూట కళ్ళద్దాలు పెట్టుకుని గోడల్ని వేలితో కొట్టి వింటుండేవారు. గుంత అడుగు నుంచి నది వైపు నీళ్ళు పోయే ఒక రాతి మోరి ఉండేది. కుస్తీకి మోరీ ఎందుకండీ అని ఆయనకు పెద్ద సందేహం, ఇది స్నానాల గది అయి ఉండాలని ఆయన వాదన. కుస్తీ నేర్పే మా ఉస్తాద్ దగ్గర అన్ని సందేహాలకూ జవాబు ఉండేది. వెనకటి పహిల్వాన్లు చెంబులతో పాలు తాగేవాళ్ళు కాదనీ, నది ఒడ్డున బర్రెల్ని పిండితే ఆ మోరీలోంచే పాలు నేరుగా తాలీంకు వచ్చేవనీ చెప్పాడు. మోరి వాలు నది వైపుకుంది కదండీ అన్నారు సారు. అప్పట్ల పాలు చిక్కగుండె సారూ, ఎక్కేటియి అన్నాడు ఉస్తాద్.

ఉస్తాద్ మాకు దేవుడూ యముడూ ఒక్కడే. పాలవ్యాపారం చేసేవాడు, మోకాళ్ళు పోయాక బర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి పొద్దూమాపూ తాలీంలోనే కూర్చునేవాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. చలికాలమైనా ఒంటి మీద చొక్కా ఉండేది కాదు. చెవులు నలిగి అప్పడాల్లా ఉండేవి. నేను బడి ఎగ్గొట్టి బేగంబజార్‌లో హమాలీల బండ్ల మీద ఊరేగుతున్నానని తెలిసి, బాపు నన్ను తెచ్చి ఆయన ముందు నిలబెట్టి వీణ్ణి మనిషిని చేయమన్నాడు. ఉస్తాద్ నా రెక్క పట్టుకుని రెండు వేళ్ళతో కొలిచి, మనిషి తర్వాత, ముందు వీని లోపల ఎముకలున్నయో లేవో చూద్దామన్నాడు.

కుస్తీ నాకు రాలేదు గానీ తాలీం వాసన మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఆవనూనె, పసుపు, పుల్లటి మజ్జిగ, వేపాకు, వాటన్నిటి కింద తడి ఎర్రమట్టి. పొద్దున్నే పెద్ద పిల్లలు దండీలు తీస్తుంటే నాకు రోట్లో బాదం నూరే పని పడేది. బాదంపప్పు, గసగసాలు, మిరియాలు, చక్కెర. నూరేవాడు తినకూడదని ఉస్తాద్ నా చేత నూరినంత సేపూ పాట పాడించేవాడు. నోరు పాటలో ఉంటే పప్పులో ఉండదని ఆయన లెక్క. నేను పాట మధ్యలో దగ్గు పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఎంత దగ్గేవాణ్ణంటే, ఒకరోజు బడీమా పరదా వెనక నుంచి తులసి, అల్లం వేసిన కషాయం పంపింది. అందరి ముందూ కళ్ళు మూసుకుని తాగాల్సి వచ్చింది.

ఏటా నాగుల పంచమికి ముందు తాలీం మట్టి తిరగేయడం ఆచారం. మోకాలి లోతు తవ్వి, జల్లించి, నూనే మజ్జిగా పసుపూ కలిపి మళ్ళీ పరచాలి. పండగనాడు మట్టికి పూజ చేసి కొత్త జోడీలు కుస్తీ పడతారు. హిందువులూ ముస్లిములూ అందరూ పారలు పట్టేవాళ్ళు. మొదటి గంప మట్టిని బడీమా చేత్తో ముట్టుకోవాలి. ముట్టుకుని ప్రతి ఏడూ ఒకే మాట అనేది. మా పెద్దల తాలీం, నేనున్నన్ని దినాలు దీన్ని ఎవరూ ముట్టరు.

ఆ ఏడు ఆ మాట అనడానికి ముందే ఛోటే సాబ్ అడ్డం వచ్చాడు. బేగంబజార్ సేట్ ఒకాయన ఎండుమిర్చి బస్తాలు దాచడానికి ఆ హాలు కావాలన్నాడట. మంచి కిరాయి. గుంత పూడ్చి సిమెంటు చేయించి ఇవ్వాలి. ఛోటే సాబ్ చెడ్డవాడు కాదు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల షేర్వాణీ, చేతిలో అత్తరు పూసిన రుమాలు, మాట్లాడితే మా జాగీరు అంటాడు, కానీ పైకప్పు కారితే మాత్రం బకెట్టు తనే పట్టుకుంటాడు. ఆ ఇల్లు నిలబెట్టడానికి ఆయనకు డబ్బు కావాలి. తల్లేమో పెద్దలు పెట్టిన తాలీంను తీస్తే పాపం అంటుంది.

ఉస్తాద్ ఊరుకుంటే అక్కడితో ఆగేదేమో. కానీ ఆయన నలుగురిలో ఒక మాట విసిరాడు. తాలీం పెట్టిన తొలి పహిల్వాన్ తన రాతి గదను గుంత అడుగున పాతిపెట్టిపోయాడనీ, అది తన ఉస్తాద్‌కు వాళ్ళ ఉస్తాద్ చెప్పిన మాటనీ, గద ఉన్నంత కాలం ఈ జాగ తాలీమేననీ అన్నాడు. ఛోటే సాబ్ ఆ మాటనే పట్టుకున్నాడు.

"సరే ఉస్తాద్. మట్టి ఎట్లన్నా తీస్తున్నరు గదా. ఈసారి మోకాలి లోతు గాదు, అడుగు దాంక తియ్యుండ్రి. గద దొరికితే నేను మళ్ళ నోరెత్త. దొరకకపోతే పండుగ అయినంక ఖాళీ చెయ్యాలె."

ఉస్తాద్ వెంటనే ఒప్పుకున్నాడు. బడీమా ఒప్పుకోలేదు. ఎందుకు బేటా ఈ లొల్లి, అడుగు దాకా తవ్వకండి, మట్టిని మట్టిలెక్క ఉండనియ్యండి అని పరదా వెనక నుంచి బతిమాలింది. గద లేదని బయటపడితే ఉస్తాద్ పోవాల్సి వస్తుందని ఆమె భయం అనుకున్నాం అందరం. కొడుకూ అదే అనుకుని ఇంకా గట్టిగా పట్టుబట్టాడు.

పొద్దున మొదలుపెట్టాం. పైన ఎర్రమట్టి, ఎన్నేళ్ళ నూనె తాగిందో వెన్నలా తెగింది. దాని కింద నది ఇసుక. ఇంకా దిగితే గుంత మూలలు ఇరుకైపోయాయి, పెద్ద పహిల్వాన్ల భుజాలు పట్టడం లేదు. ఉస్తాద్ పైనుంచి చూసి, ఇన్నాళ్ళకు వీడు పనికొచ్చే జాగ దొరికింది అని నన్ను దింపాడు. మూలలన్నీ నేనే గీకాను. కాసేపటికి గడ్డపార ఠంగుమంది. పైన అందరూ ఒక్కసారిగా వంగారు. ఉస్తాద్ నడవలేని మోకాళ్ళతో గుంత అంచుకు పాకుతూ వచ్చాడు. చేతులతో మట్టి నెట్టి చూశాను. రాయి కాదు. నున్నటి గచ్చు నేల. దాని మీద బెత్తెడు మందాన నల్లటి బురద. ఆ బురదలో బోర్లా పడి పాకుతూ ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాను. మోరి నోటిలో చెయ్యి పెట్టి మరీ వెతికాను. గద లేదు.

ఛోటే సాబ్ కూడా గెలిచినవాడిలా లేడు, రుమాలు మడుచుకుంటూ, పండుగ దాకా ఉండు ఉస్తాద్, తొందరేం లేదు అన్నాడు. ఉస్తాద్ మట్టిని ముట్టి నెత్తికి రాసుకున్నాడు. తర్వాత లేచి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ భుజాన వేసుకునే చొక్కా కొక్కెం నుంచి తీసి తొడుక్కున్నాడు. తాలీంలో ఆయన గుండీలు పెట్టుకోవడం మేమెవరం చూడలేదు. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టాడు. ఎప్పుడూ నోరు మూయని నాకు కూడా ఆ గుండీ గురించి ఏమీ అనబుద్ధి కాలేదు.

నన్ను చెయ్యిచ్చి పైకి లాగారు. చెవుల దాకా నల్ల బురద. పోరన్ని కడుగుండ్రి అంటూ ఎవరో నెత్తిన రెండు బిందెలు గుమ్మరించారు. నల్లది జారిపోయి లోపలి నుంచి నీలం తేలింది. ఇంకో బిందె పోశారు. ఇంకా నీలం. చేతులు నీలం, పొట్ట నీలం, చెవులు నీలం. నాతో పాటు మట్టి మోసిన పహిల్వాన్ల అరచేతులన్నీ నీలం. పై ఇంటి సారు మేడ మెట్ల మీద నుంచి చూసి, ఎవరో కృష్ణుడి వేషం అనుకున్నానండీ, మీ వాడా అని మా బాపుని అడిగారు. తాలీంలో అప్పటిదాకా ఉన్న బరువంతా ఒక్కసారి పగిలి, అందరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే నాకు నోరు లేస్తుంది.

"ఛోటే సాబ్, మీ పెద్దల పహిల్వాన్లు రంగు పూసుకుని కుస్తీ పడుతుండెనా ఏంది? గెలిచినోడు నీలం, ఓడినోడు ఎరుపా?"

ఆ నవ్వులకు బడీమా పరదా తొలగించుకుని బయటికే వచ్చింది. మెట్టు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. గోరుతో కొంచెం బురద తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమె ముఖం ఎప్పుడూ చూడనట్టు మెత్తబడింది.

"నీల్ ఇది. మా దాదా చేతులు గిట్లనే ఉండె..." అంది తన తాతను తలుచుకుని.

"అమ్మీ, లోపలికి నడువ్," అన్నాడు ఛోటే సాబ్. ఆయన షేర్వాణీ కన్నా ముఖం తెల్లగా ఉంది.

ఆమె వెళ్ళిపోయింది గానీ ఆ మాట వెళ్ళలేదు. పొద్దుగూకే సరికి నాలుగు గల్లీలకు తెలిసిపోయింది. జాగీర్లూ లేవు, పహిల్వాన్లూ లేరు, అది బట్టలకు వేసే నీలిమందు తొట్టి, మోరి వాడిన నీళ్ళు నదిలోకి వదలడానికి, బడీమా పుట్టింటివాళ్ళు బట్టలకు రంగులద్దే రంగ్రేజ్‌లు. పై ఇంటి సారు అయితే తన మోరి సందేహం తీరినందుకు ఆ రాత్రి భార్య చేత గారెలు చేయించారు. నాకూ రెండు వచ్చాయి, నీలం చేతులతోనే తిన్నాను.

తెల్లారేసరికి గేటు ముందు ఆడవాళ్ళు బారు తీరారు. వెలిసిపోయిన చీరలు, ఓణీలు, షల్వార్లు, ఒకావిడ అయితే కిటికీ పరదాలు. అందరిదీ ఒకటే కోరిక, కొంచెం ఆ బురద ఇస్తే ఇంటికెళ్ళి ముంచుకుంటాం. బురదలో ముంచితే రంగు రాదు, మరక వస్తుంది, కానీ ఊరికే దొరికేదాన్ని ఎవరొదులుకుంటారు. ఒక పెద్దావిడ సరిగ్గా ఛోటే సాబ్‌నే ఆపి, రంగ్రేజోళ్ళ ఇల్లు ఇదేనా బేటా అని అడిగింది. ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అదే పూట మిర్చి సేట్ తన మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. గుంత చూశాడు, నా చెవులు చూశాడు. గోదాము చేయాలంటే ఆ బురదంతా తోడి, గచ్చు పగలగొట్టి, మోరి మూసి, కింది నుంచి కట్టుకు రావాలని మేస్త్రీ చెప్పాడు. ఆ నీలం మట్టిని బండ్లకెత్తి పురానాపూల్ దాటించి బజారు మధ్య నుంచి తోలాలి. ఒకటి రెండు బండ్లు కాదు. ఆ మాట వింటున్నప్పుడు నేను ఛోటే సాబ్‌నే చూస్తున్నాను. ఆయన కళ్ళ ముందు ఆ బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఒక్కో బండి వెనకా పిల్లలు, ఎవరింటి నుంచని అడిగే జనం.

సేట్‌కు చాయ్ తాగించి పంపేశాడు. మధ్యాహ్నానికి ఎర్రమట్టి బండ్లు వచ్చాయి, ఆయనే వెళ్ళి తెచ్చాడు. షేర్వాణీ చేతులు పైకి మడిచి మొదటి తట్ట తనే గుంతలో పోశాడు, నీలం కనబడకుండా అడుగంతా పరిపించాడు. ఉస్తాద్ గోడవార చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఛోటే సాబ్ గేటు దాకా వినబడేలా అన్నాడు.

"ఇది మా పెద్దల తాలీం ఉస్తాద్. ఎట్లున్నది అట్లనే ఉండాలె. ఎవడన్నా తవ్వుతనంటే నాకు చెప్పు."

ఉస్తాద్ నవ్వలేదు. తల ఊపి, ఆ తప్పు గుండీ దగ్గర నుంచి మొదలుపెట్టి చొక్కా విప్పాడు. నా వైపు తిరిగి, ఏంరా నీలకంఠం, మజ్జిగ ఎవడు తెస్తడు, మీ తాతనా అన్నాడు.

ఆ నాగుల పంచమికి తాలీంలో ఎప్పుడూ లేనంత జనం. కుస్తీల కన్నా మమ్మల్ని చూడటానికే ఎక్కువ వచ్చారు. మా అమ్మ సున్నిపిండితో, కుంకుడుకాయతో, చివరికి కిరోసిన్ గుడ్డతో తోమింది. చెవుల వెనక రంగు మాత్రం దసరా దగ్గర పడేదాకా పోలేదు. అది పోయే లోపే నా కుస్తీ కూడా పోయింది. బాపు నన్ను ఇత్తడి దుకాణంలో చెంబులు తుడిచే పనికి పెట్టాడు.

తాలీం మాత్రం ఉస్తాద్ ఉన్నన్నాళ్ళూ నడిచింది. ఆయన పోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆయన శిష్యులు నడిపారు. తర్వాత బడీమా పోయింది, ఆమె వెనక ఛోటే సాబ్ పోయాడు, ఒక వానాకాలం హాలు కప్పు పోయింది. ఇప్పుడు ఆ జాగాలో కింద దుకాణాలు, పైన ఇళ్ళు. పునాదులు తవ్వినప్పుడు నీలం మట్టి వచ్చిందా అని నేను అక్కడి దుకాణాల్లో అడిగాను. ఎవరికీ తెలియదు. నిజానికి అది రంగ్రేజ్‌ల తొట్టేనా, లేక మా అమ్మ చివరిదాకా వాదించినట్టు ఏ చాకలివాడో నీలిమందు మూటలు దాచుకున్న చోటా అని నాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది. కానీ బడీమా వాసన చూసిన తీరు గుర్తొస్తే అనుమానం పోతుంది.

పండగ అయిన కొన్నాళ్ళకు అమ్మ చేసిన సర్వపిండి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. వేడివేడిది తుంచుకుని, పళ్ళు లేని నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ తింటోంది. కొడుకు ఇంట్లో లేడు. ఇదే సందని అడిగేశాను. బడీమా, నీకు మొదటి నుంచీ ఎరుకే గదా, మరి ఏటేటా మా పెద్దల తాలీం అని మా అందరికీ అంత పెద్ద అబద్ధం ఎట్ల చెప్పినవ్ అని. ఆమె తినడం ఆపి, మిగిలిన చెవుల నీలాన్నీ నా ఎముకల్నీ తీరిగ్గా చూసింది.

"అబద్ధమేంది రా? మా దాదా లంగోటీ కట్టి ఆ తొట్టిల దిగేటోడు, పొద్దంత కాళ్ళతోని నీలి కొట్టి, చెమటల తడిసి బైటికొచ్చేటోడు. మీ ఉస్తాద్ గూడ గంతే జేసిండు. అది తాలీం గాక ఇంకేంది? లంగోటీ కట్టి దిగి, చెమట పట్టకుండ బైటికొచ్చినోనివి ఇన్నేండ్లల్ల నువ్వొక్కనివే."